అరవై నాలుగు గడుల లెక్క, ఒక చంపకమాల

పోయిన ఏడాది మా బడిలో గణిత ప్రదర్శన పెట్టినారు. తొమ్మిదో తరగతి వాళ్ళందరం ఒక్కొక్క ఛార్టు చెయ్యాల. నేను చదరంగం పలక, బియ్యపు గింజల కథ తీసుకున్నాను. ఆ కథ మీకందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టిన పండితుణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అట్ల రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గడులకూ ఇమ్మన్నాడు పండితుడు. ఇంతేనా అని రాజు నవ్వినాడు. తర్వాత రాజ్యంలోని గాదెలన్నీ ఖాళీ చేసినా చాలలేదు.

కథ సులువే. ఛార్టు మీద మొత్తం ఎన్ని గింజలో పెద్ద అక్షరాలతో రాయాలనుకున్నాను. మా నాన్న ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి 2 ను 64 సార్లు హెచ్చించి ఒకటి తీసేస్తే 1.844674407 అని వచ్చి, పక్కన ఒక ఇ, 19 అని చూపించింది. ఓహో, పందొమ్మిది స్థానాలు జరపాలి కాబోలు అని 18446744070000000000 అని రాసేసినాను. పెన్సిల్‌తోనే రాసినాను, అదొక్కటి మంచిపని.

మా తాత చూసినాడు. ఆయన బళ్ళారిలో ధాన్యం మండీలో ముప్పై ఏండ్ల పైన గుమాస్తాగా లెక్కలు రాసినవాడు. కన్నడంలో రాసే అంగడి లెక్కయినా, తెలుగులో రాసే ఇంటి లెక్కయినా ఆయన కూడేది మాత్రం తెలుగులోనే, నోట్లో గొణుక్కుంటా. "ఇది తప్పు పాపా, చివర సున్న ఎట్ల వస్తుంది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కాలిక్యులేటర్ చెప్పిందే కదా అన్నాను. "మొదటి గడిలో ఎన్ని? ఒకటి. మిగతా గడులన్నిట్లో? సరి సంఖ్యలు. సరి సంఖ్యలన్నీ కూడి దానికి ఒకటి కలిపితే బేసి రాకుండా ఎక్కడికి పోతుంది?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ఒక గుమాస్తా ఒక్క చూపులో పట్టుకున్న తప్పు, తొమ్మిదో తరగతి చదివే నాకు తెలియలేదు.

అసలు ఆ మొత్తం 18446744073709551615. ఇరవై అంకెలు. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. మాటల్లో చెప్పాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. ఇది చదివేటప్పటికి ఊపిరి అయిపోతుంది.

దీన్ని 64 సార్లు రెట్టింపు చేసి కూడాల్సిన పని లేదని మా లెక్కల సారు చెప్పినారు. ఏ గడి దగ్గర ఆగినా అప్పటిదాకా వచ్చిన మొత్తం, తర్వాతి గడిలో ఉండే గింజల కన్నా ఒకటి తక్కువ. 1, 2, 4 కూడితే 7, తర్వాతి గడిలో 8. 1, 2, 4, 8 కూడితే 15, తర్వాతి గడిలో 16. కాబట్టి లేని అరవై ఐదో గడిని ఊహించుకొని అందులోంచి ఒకటి తీసేస్తే చాలు. ఆ అరవై ఐదో గడి సంఖ్యను కూడా అడ్డదారిలో పట్టుకోవచ్చు. 16 ను 16 తో హెచ్చిస్తే 256. 256 ను 256 తో హెచ్చిస్తే 65536. దాన్ని దానితోనే హెచ్చిస్తే 4294967296. ఇంకొక్కసారి అట్లే చేస్తే అయిపోయింది. మొత్తం నాలుగు హెచ్చవేతలు. ఈ దారి మా సారు కనిపెట్టింది కాదు, వెయ్యేళ్ళ కిందటిది. అల్ బిరూనీ అనే పండితుడు 1000వ సంవత్సరం ప్రాంతంలో రాసిన గ్రంథంలో ఈ చదరంగం లెక్కను ఇట్లాగే 16 మీద వర్గాలు వేసుకుంటూ చేసినాడు. మన దేశం గురించి పెద్ద పుస్తకం రాసినాడని చరిత్ర పాఠంలో చదువుతాం కదా, ఆయనే.

కథను ఇప్పుడు మనం చెప్పుకునే రూపంలో రాసిపెట్టిన వాళ్ళలో ఇబ్న్ ఖల్లికాన్ ఒకడు. పదమూడో శతాబ్దంలో కైరో, డమాస్కస్ నగరాల్లో ఉండి న్యాయాధికారిగా పనిచేసినాడు. ఆయన కథలో పండితుడి పేరు సిస్సా, రాజు హిందూ దేశపు రాజు. నాకు నచ్చింది కథ కాదు, దాని తర్వాత ఆయన రాసుకున్నది. అంత పెద్ద మొత్తం వస్తుందంటే ఆయనకు మొదట నమ్మకం కలగలేదంట. అలెగ్జాండ్రియాలో ఒక లెక్కల గుమాస్తా కూర్చోబెట్టి చూపించినాడు. పదహారో గడిలో 32768 గింజలు వస్తాయి, అది ఒక కొలపాత్ర నిండా అవుతుంది, నేను కొలిచి చూసినాను అన్నాడు. అక్కడి నుంచి గింజలు వదిలిపెట్టి పాత్రలు లెక్కపెట్టినాడు. తర్వాత పాత్రలు వదిలి పెద్ద కొలతలు. నలభయ్యో గడికి ఒక గాదె నిండింది. యాభయ్యో గడికి 1024 గాదెలు, అంటే ఒక పట్నం అనుకో. అరవై నాలుగో గడికి అట్లాంటి పట్నాలు 16384 కావాలి, లోకంలో అన్ని పట్నాలు లేవు కదా అన్నాడు. అప్పుడు న్యాయాధికారి ఒప్పుకున్నాడు. ఇది మా తాతకు చదివి వినిపిస్తే, "మంచి గుమాస్తా, కొలత మార్చుకుంటే గానీ పెద్ద లెక్క చేతికి రాదు" అన్నాడు.

మేము కూడా అట్లే చేసినాము. మా ఇంట్లో సోనా మసూరి బియ్యం వెయ్యి గింజలు లెక్కపెట్టినాను. మా తమ్ముడు మధ్యలో రెండుసార్లు పళ్ళెం తన్నినాడు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టినాను. బడి ప్రయోగశాలలో తూచితే 13 గ్రాములు. ఈ లెక్కన పదహారో గడిలో బియ్యం అరకిలో కన్నా కొంచెం తక్కువ. ఇరవై రెండో గడికి 27 కిలోలు, అంగట్లో అమ్మే చిన్న బస్తా ఒకటి. ముప్పై రెండో గడికి వచ్చేసరికి 28 టన్నులు. సగం పలక మొత్తం కలిపితే 56 టన్నులు. ఇక్కడిదాకా రాజుకు ఏ కష్టమూ లేదు. మా తాత పనిచేసిన మండీకే పంటకాలంలో ఒక్క రోజులో అంతకన్నా ఎక్కువ వచ్చేదంట. అంటే నవ్వినందుకు రాజును మనం ఎగతాళి చెయ్యకూడదు. ముప్పై రెండు గడుల వరకూ చూసినవాడెవడైనా నవ్వుతాడు. తంటా అంతా రెండో సగంలో ఉంది. మొత్తం కలిపితే సుమారు 24 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచం అంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. నాలుగు వందల యాభై ఏళ్ళకు పైగా ప్రపంచంలో ఎవరూ ఒక్క ముద్ద తినకుండా పండిన బియ్యమంతా ఆ పండితుడి ఇంటికి తోలాలి.

ఇప్పుడు నా రెండో తప్పు చెప్పాలి. మొదటి దాని కన్నా ఇది పెద్దది.

4294967296 ను దానితోనే హెచ్చించడం కాగితం మీద చేసినాను. మొదటిసారి తప్పు వచ్చింది. తప్పని ఎట్ల తెలిసిందంటే తాత తొమ్మిదులు తీసే పద్ధతి చెప్పినాడు. సంఖ్యలోని అంకెలన్నీ కూడుకుంటూ ఒక్క అంకె మిగిలేదాకా పోవాలి. 4294967296 లో అంకెలు కూడితే 58, మళ్ళీ కూడితే 13, మళ్ళీ కూడితే 4. నాలుగు నాలుగులు 16, అంటే 7. హెచ్చించి వచ్చిన జవాబు అంకెలు కూడినా 7 రావాలి. నాకు 5 వచ్చింది. మళ్ళీ చేసినాను. రెండోసారి 18446744073709551616 వచ్చింది, అంకెల మొత్తం 88, అంటే 16, అంటే 7. కుదిరింది. ఒకటి తీసేస్తే చివర 615. దాని అంకెల మొత్తం 87. 87 మూడుతో పోతుంది, కాబట్టి ఈ సంఖ్య కూడా మూడుతో పోతుంది. చివర 5 ఉంది కాబట్టి ఐదుతో పోతుంది.

దాన్ని ఛార్టు మీదికి ఎక్కించేటప్పుడు స్కెచ్ పెన్‌తో 18446744073709515615 అని రాసినాను. తేడా కనిపించిందా? 5, 5, 1 అని ఉండాల్సిన చోట 5, 1, 5 పడింది. రెండు అంకెలు చోటు మార్చుకున్నాయి. నేను గమనించలేదు. తాత మళ్ళీ కూడినాడు, 87 వచ్చింది, సరిగా ఉంది అన్నాడు. అంకెలు చోట్లు మార్చుకుంటే కూడిక మారదు కదా! తొమ్మిదులు తీసే పద్ధతికి ఈ తప్పు దొరకదు. మూడుతో పోతుంది, ఐదుతో పోతుంది, బేసిగా ఉంది, అన్ని పరీక్షలూ నెగ్గిన తప్పు అది. ప్రదర్శన ముందురోజు దాకా అట్లే ఉంది.

దాన్ని పట్టుకున్నది ఒక పద్యం.

మా తెలుగు మేడమ్ ఛార్టు చూసి, "ఈ సంఖ్య మీద తెలుగులో పద్యం ఉంది, తెలుసా?" అన్నారు. సంఖ్య మీద పద్యమా అనుకున్నాను. పావులూరి మల్లన గణితంలోదిగా చెప్పే పద్యం అది. మల్లన పదకొండు, పన్నెండు శతాబ్దాల కాలపు కవి. నన్నయ్య తర్వాత కొద్ది కాలానికే అన్నమాట. ఆయన రాసిన సార సంగ్రహ గణితం తెలుగులో మొదటి గణిత గ్రంథం. పావులూరి గణితం అని కూడా అంటారు. కవిత్వంలో భారతం అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో ఒకాయన కూర్చొని భిన్నాలు, వర్గాలు, ఘనాలు తెలుగు పద్యాల్లోకి తెచ్చినాడు.

దానికి మూలం సంస్కృతంలో ఉంది. మహావీరాచార్యుడు రాసిన గణిత సార సంగ్రహం. 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో రాసినాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మళఖేడ, మా కర్ణాటకలోనే కలబురగి జిల్లాలో ఉంది. అంటే పుస్తకం మా వైపు నుంచి తూర్పుకు పోయి తెలుగైంది. మహావీరుడు జైనుడు, మల్లన శివభక్తుడు. అందుకని మల్లన ఉన్నదున్నట్టు దించెయ్యలేదు, ఉదాహరణలు మార్చుకున్నాడు, తన దేవుణ్ణి పెట్టుకున్నాడు. కన్నడంలో కూడా పన్నెండో శతాబ్దంలోనే రాజాదిత్యుడు వ్యవహార గణితం రాసినాడు. మా వీధిలో మేమూ, పక్కింటి కన్నడ వాళ్ళూ ఒకే కొలాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నట్టు, రెండు భాషలూ ఒకే చోట లెక్కలు నేర్చుకున్నాయి.

మహావీరుడికి పెద్ద సంఖ్యలంటే ఇష్టం. స్థానాలకు ఇరవై నాలుగు పేర్లు చెప్పినాడు, ఏకం నుంచి మహాక్షోభం దాకా. మన సంఖ్య ఇరవై అంకెలది కాబట్టి దాని మొదటి అంకె ఆ వరుసలో ఇరవయ్యో పేరు, మహాశంఖం మీద నిలుస్తుంది. ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలు, నాలుగు మహాక్షోణులు అంటూ మొదలుపెట్టాలి. కోట్ల కోట్లు అని తడబడే కన్నా ఇదే బాగుంది నాకు. హారంలాగా రెండు వైపుల నుంచీ ఒకే రకంగా ఉండే సంఖ్యలను కూడా ఆయన గుచ్చినాడు. 27994681 ని 441 తో హెచ్చించి చూడండి, 12345654321 వస్తుంది. 142857143 ను 7 తో హెచ్చించండి, 1000000001 వస్తుంది. అటు ఒకటి, ఇటు ఒకటి, మధ్యలో సున్నాల దారం.

ఇక పద్యం సంగతి. అంకెలను మాటలుగా చెప్పడానికి భూతసంఖ్యలు అని ఒక పద్ధతి ఉండేది. లోకంలో ఏది ఎన్ని ఉంటాయో ఆ వస్తువు పేరు చెబితే ఆ అంకె. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. అగ్నులు 3. వేదాలు 4, బ్రహ్మ ముఖాలు 4, సముద్రాలు కూడా 4. మన్మథుడి బాణాలు 5. తర్కాలు 6. కొండలు 7. దిక్కులు మోసే ఏనుగులు 8. శరీరానికి ఉండే రంధ్రాలు 9. ఆకాశంలో ఏమీ లేదు కాబట్టి ఆకాశమంటే సున్న. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, సున్నను ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఇంకొక నియమం, అంకెలను ఒకట్ల స్థానం నుంచి ఎడమ వైపుకు చదవాలి. అంటే పద్యంలో మొదట వచ్చే మాట మన సంఖ్యలో చివరి అంకె.

మేడమ్ పద్యం నల్లబల్ల మీద రాసి, ఒక్కొక్క మాటకు కింద అంకె వెయ్యమన్నారు. మా తరగతిలో పదకొండు మందిమి, అందరం మీద పడినాము. బాణం 5, చంద్రుడు 1, ఆరు, మళ్ళీ చంద్రుడు 1, మళ్ళీ బాణం 5, వెంటనే ఇంకో బాణం 5, ఆ తర్వాత రంధ్రం 9. నేను ఛార్టు మీద చివరి నుంచి చూసుకుంటూ పోతున్నాను. 5, 1, 6, 5. అక్కడ ఆగిపోయినాను. పద్యంలో ఆరు తర్వాత చంద్రుడు ఉన్నాడు, నా ఛార్టులో బాణం ఉంది. "మేడమ్, పద్యం తప్పు" అన్నాను. నిజంగా అట్లే అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మేడమ్ ఏమీ అనకుండా, "గణవిభజన చెయ్యి" అన్నారు.

చేసినాను. న, జ, భ, జ, జ, జ, ర. చంపకమాల. పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు, పదకొండో అక్షరం యతి. మొదటి పాదం మొదటి అక్షరం శ. పదకొండో అక్షరం దగ్గర రెండో బాణం ఉంది. అయితే ఆ బాణాన్ని కవి శరం అనలేదు, సాయకం అన్నాడు. అర్థం ఒకటే. పక్కపక్కనే రెండు ఐదులు వచ్చినప్పుడు ఒకదానికి శరం, ఇంకోదానికి సాయకం ఎందుకు వాడినాడంటే శ కు స తో యతి కుదురుతుంది. రెండు బాణాలూ పక్కపక్కనే, సరిగ్గా అక్కడే ఉండాలి. చంద్రుణ్ణి తీసి రెండు బాణాల మధ్యలో పెట్టి చూసినాను. పదకొండో అక్షరం చోట సాయకం అట్లే ఉంటుంది గానీ, మూడో చోట భ గణం రాదు, గణం చెడిపోతుంది. అంటే నేను అనుకున్న సంఖ్య అదే మాటలతో పద్యంలో పట్టదు. తప్పు నాదే. ఇంటికి పోయి నోటు పుస్తకం తీసి చూస్తే అందులో 9551615 అని సరిగానే ఉంది. ఎక్కించేటప్పుడే జారింది.

అప్పటిదాకా ఛందస్సు పరీక్షలో నాలుగు మార్కుల కోసం అనుకునేదాన్ని. తాటాకుల మీద ఒకరి నుంచి ఒకరు రాసుకునే రోజుల్లో ఇరవై అంకెల సంఖ్యను అంకెలతో రాసిపెడితే నాలాంటి వాళ్ళు ఎంతమంది దాన్ని జార్చేవాళ్ళో! యతి, ప్రాస, గణాలు మూడూ కాపలా ఉన్నాయి. అట్లని పద్యాన్ని గుడ్డిగా నమ్మమని కాదు. సముద్రాలు ఈ లెక్కలో నాలుగు, కథల్లో ఏడు. ఏడు అనుకొని చదివితే పద్యం చక్కగానే ఉంటుంది, సంఖ్య మాత్రం చెడిపోతుంది. అప్పుడు హెచ్చవేత చేసి చూసుకోవాల్సిందే. మా తాత, మేడమ్ ఇద్దరూ ఉండాలన్నమాట.

ఈ సంఖ్యను పగలగొడితే ఏముంటుందో చూద్దాం. ఇక్కడ కథ ఐరోపాకు పోతుంది. 1640 లో ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే న్యాయవాది, తీరిక వేళల్లో లెక్కలు చేసేవాడు, 3, 5, 17, 257, 65537 అనే సంఖ్యల వరుస చూసినాడు. 2 ను వరుసగా 1, 2, 4, 8, 16 సార్లు హెచ్చించి ఒకటి కలిపితే ఇవి వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. వీటి తర్వాత వచ్చే 4294967297 కూడా, ఆ పైన వచ్చేవన్నీ కూడా ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఆయన నమ్మకం. తొంభై ఏళ్ళు దాన్ని ఎవరూ కాదనలేకపోయినారు. 1732 లో ఆయిలర్, అప్పటికి పాతికేళ్ళ వాడు, 4294967297 ను 641 తో భాగిస్తే శేషం లేకుండా పోతుందని చూపించినాడు. 641 ని 6700417 తో హెచ్చిస్తే అదే వస్తుంది. నేను చేసి చూసినాను, ఐదు నిమిషాలు పట్టింది.

దీనికీ చదరంగానికీ ఏం సంబంధం అంటారా? సగం పలకలో గింజలు 4294967295. ఫెర్మా చెప్పిన సంఖ్య దానికి రెండు ఎక్కువ. ఈ రెండింటినీ హెచ్చిస్తే పలక మొత్తం వస్తుంది. సగం పలకను విడగొడితే 3, 5, 17, 257, 65537 వస్తాయి, ఫెర్మా వరుస మొత్తం. మిగతాది 641, 6700417. అంటే మన ఇరవై అంకెల సంఖ్యలో ఏడు ప్రధాన సంఖ్యలు ఉన్నాయి, ఏదీ రెండోసారి రాదు. దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 128. రాజు గనక బాకీ తీర్చి ఉంటే ఆ గింజలను 17 మందికో, 257 మందికో, 641 మందికో ఒక్క గింజ మిగలకుండా పంచిపెట్టుకోవచ్చు. ఏడుగురు కొడుకులుంటే మాత్రం కుదరదు, గింజలు మిగులుతాయి.

1883 లో ఫ్రాన్స్‌లోనే లూకా అనే లెక్కల మేష్టారు ఒక ఆటబొమ్మ అమ్మకానికి పెట్టినాడు. మూడు పుల్లలు, ఒకదానికి చిన్నా పెద్దా బిళ్ళలు. చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా ఒక్కొక్కటే జరుపుతూ అన్నింటినీ వేరే పుల్లకు చేర్చాలి. బొమ్మ మీద తన పేరు కాకుండా, అక్షరాలు తారుమారు చేసి, సియాం దేశపు క్లాస్ అని ఇంకో పేరు వేసుకున్నాడు. దాంతో ఒక కథ పుట్టింది. కాశీలో ఒక గుడిలో వజ్రపు సూదుల మీద 64 బంగారు బిళ్ళలున్నాయని, అర్చకులు రాత్రింబగళ్ళు జరుపుతున్నారని, అయిపోయిన రోజు లోకం అంతమని. కాశీలో అట్లాంటి గుడి లేదు. అయితే 64 బిళ్ళలు జరపడానికి కావాల్సిన ఎత్తులు మాత్రం సరిగ్గా మన సంఖ్యే, 18446744073709551615. సెకనుకు ఒకటి జరిపితే 58 వేల కోట్ల ఏళ్ళు దాటుతుంది. విశ్వం పుట్టి ఇప్పటికి సుమారు 1380 కోట్ల ఏళ్ళే.

ఇప్పుడు ఈ సంఖ్య కంప్యూటర్లలో కూర్చుంది. 64 బిట్ల కంప్యూటర్ అంటాం కదా, అందులో 64 గడులు ఉన్నట్టే, ఒక్కొక్క గడిలో సున్న గానీ ఒకటి గానీ. అన్ని గడుల్లోనూ ఒకటి ఉంటే వచ్చే సంఖ్య ఇదే, అంతకు మించి ఒకటి కలిపితే అన్నీ సున్నాలవుతాయి. గుర్తు కోసం ఒక గడి వదిలితే అందులో సగమే చెప్పగలదు. 2014 లో గంగ్నం స్టైల్ పాటను చూసినవాళ్ళ లెక్క 2147483647 దాటిపోవడంతో యూట్యూబ్ తన లెక్కపెట్టే పద్ధతిని 32 గడుల నుంచి 64 గడులకు మార్చాల్సి వచ్చింది. ఆ 2147483647 ప్రధాన సంఖ్య అని 1772 లోనే నిరూపించింది మళ్ళీ ఆ ఆయిలరే.

ప్రదర్శన రోజు మా పెద్దనాన్న వచ్చినాడు. తెలుగు మీడియంలో లెక్కలేం వస్తాయి, పదో తరగతికైనా మార్చండని ప్రతి పండక్కీ మా నాన్నకు చెప్పేది ఆయనే. ఛార్టు ముందు చాలాసేపు నిలబడినాడు. ఆయనకు పద్యం మొత్తం విడమరిచి చెప్పినాను. బాణాల దగ్గర తెల్ల కాగితం అంటించి దిద్దినది చూసి, ఇదేందని అడిగినాడు. నా తప్పు, గణాల దగ్గర దొరికింది అన్నాను. వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత తాత వైపు తిరిగి, "ఏం నాయనా, నువ్వు కూడి చూడలేదా?" అన్నాడు. "చూసినానురా, కూడికలో రాలేదు" అన్నాడు తాత.

ఇప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను, ఇదే బడిలో. ఛార్టు మా తరగతి గోడ మీదే ఉంది. అంటించిన కాగితం ఒక మూల లేచింది. కింద పాత 1, 5 కొంచెం కనపడుతున్నాయి.